నేల విడవని పోలేరయ్య

పోలేరయ్య మూడో ట్రిప్పు ఐసు బండి తోసుకుంటూ మైపాడు రోడ్డు మీద వస్తున్నాడు. ముందు మడమ, తర్వాత వేళ్లు. మోకాలు వంగదు, నడుం మాత్రం ఇటూ అటూ తిరుగుతుంది. నలభై రెండేళ్ల బక్కమనిషి. చెప్పులు మడమల దగ్గర చిల్లులు పడ్డాయి, వేళ్ల దగ్గర ఇంకా కొత్తవే. అతను తోస్తే ఐసు కరిగేలోపే చేపల పడవలకి చేరుతుంది కాబట్టి ఐసు ఫ్యాక్టరీ ఓనరు ఆ నడక చూసి నవ్వడమే గానీ పనిలోంచి తీసెయ్యలేదు.

ఆ నడకతోనే పదమూడేళ్ల కిందట పోలేరయ్య ఒలింపిక్స్‌కి వెళ్లాడు. ఇరవై కిలోమీటర్ల నడక పోటీ. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేలమీద ఉండాలి. రెండూ లేచాయని ముగ్గురు జడ్జీలు ఎర్ర కార్డు ఇస్తే ఇంటికే. పద్దెనిమిదో కిలోమీటరులో మూడోది వచ్చింది. ఊరంతా టీవీలో చూసింది. చూసి ఊరుకుందా? "నడవమని పంపిస్తే పరిగెత్తినాడే" అన్నాడు టీకొట్టు మాలకొండయ్య. ఆ మాట ఇప్పటికీ చల్లారలేదు.

ఆ రోజు నుంచి పోలేరయ్య పరిగెత్తడం మానేశాడు. వానొచ్చినా, కుక్క తరిమినా నడకే. తుఫాను డ్రిల్లులో సైరన్ మోగితే ఊరు పరిగెత్తింది, ఇతను నడిచాడు. షెల్టరుకి ముందు చేరింది ఇతనే అనుకోండి, అది వేరే సంగతి. తను నడిచానని ఊళ్లో ఒక్కరైనా నమ్మితే చాలని అతని ఆశ.

ఇంట్లో కూతురు రోజారమణి నమ్మింది. కానీ నడక నేర్పుతానంటే, "వద్దు నాయనా, నవ్వతారు" అని పరుగులో చేరింది. పోలేరయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఈ రోజు నెల్లూరులో స్పోర్ట్స్ హాస్టలు సెలక్షను. ఎంపికైతే అక్కడే ఉండిపోతుంది.

బండి పక్కన పెట్టి, పిల్లని ఏడింటి బస్సెక్కించాడు. బస్సు కదిలాక చూస్తే ఐసు గోతాల మీద పిల్ల మరిచిపోయిన సంచి. అందులో పరుగుకి వేసుకునే స్పైకు బూట్లు. పోటీ తొమ్మిదింటికి, తర్వాతి బస్సు పదింటికి.

సంచి తీసుకుని నడిచాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బస్సు వెనక రేకు చేతికందేంత దూరానికి వచ్చాడు. అంతలో డ్రైవరు గేరు మార్చాడు. టీకొట్టు ముందు జనం లేచి నిలబడ్డారు.

పోలేరయ్య పరిగెత్తాడు.

చేతులు ఎటో, కాళ్లు ఎటో, గట్టున పడ్డ పీతలాగా. అయినా అందుకున్నాడు. కిటికీలోంచి సంచి అందుకుంటూ పిల్ల, "నాయనా, పరిగెత్తినావే" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. బస్సు వెళ్లిపోయింది.

వగరుస్తూ తిరిగొస్తే మాలకొండయ్య అడగకుండానే టీ చేతికిచ్చాడు. చాలాసేపు అతని కాళ్ల వంకే చూశాడు.

"నువ్వు పరిగెత్తితే ఇట్టుంటాదని నాకు తెలీదబ్బా. ఆ రోజు టీవీలో చూసింది ఇది కాదు."

"అదే కదన్నా పదమూడేళ్లుగా చెప్తా ఉండాను" అన్నాడు పోలేరయ్య. టీ తాగబోతూ కిందికి చూసుకున్నాడు. అప్పుడు గానీ కాళ్లకి చెప్పులు లేవని గమనించలేదు.

స్పీడ్ బ్రేకర్ అవతల పడున్నాయి రెండూ, మడమ చిల్లుల్లోంచి తారు కనిపిస్తూ.