గడప అవతలి కాలు

మా డాక్టర్ గారికి ఒకటే పిచ్చి. కాళ్లు పోయినవాళ్లకు కట్టెకాళ్లు చేయించి ఇవ్వడంతో ఆయన పని అయిపోలేదు. ఆ కాలు తొడుక్కుని మనిషి ఇంటికి పోయాక ఏం చేస్తున్నాడు, తన పాత పని చేసుకోగలుగుతున్నాడా, లేకపోతే ఎక్కడ అడ్డం పడుతోంది, ఇది తేలాలి. దాన్ని ఆయన పరిశోధన అంటారు. ఊళ్లు తిరిగి చూసి రావడం మాత్రం నర్సునైన నా వంతు. నాకూ ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు లెండి. అందుకే ఆయన సీతాబాయిని, అంటే నన్నే, పంపుదాం అన్నారు.

తిరిగి చూస్తే ఒళ్లు మండింది. హఫీజ్‌పేట్‌లో మొగిలి తన కాలును గుడ్డలో చుట్టి సందుగలో దాచాడు. పెళ్లిళ్లకు మాత్రమే తొడుగుతాడట. మదీనాగూడలో ఇంకొకాయన దాన్ని దూలానికి వేలాడగట్టి, తొడుగులో విత్తనాలు పోసుకున్నాడు. "ఎలుకల బాధ లేదమ్మా" అని మెచ్చుకున్నాడు కూడా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక మిగిలింది ఖాజాగూడ ఎల్లేశం. నా ఆశంతా అతని మీదే పెట్టుకున్నాను.

ఎల్లేశం కల్లు గీసే మనిషి. కిందటేడు తాటిచెట్టు మీది నుంచి బండరాయి మీద పడ్డాడు. పాదం నుజ్జయి, కుళ్లు పట్టి, మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. నగరంలో మా దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఎవరినీ నెమ్మదిగా ఉండనివ్వలేదు. చంకకర్రలు చేతికి రాగానే వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కు. కాలుగాలిన పిల్లి అంటారే, అదే. "కూసోరాదయ్యా జర" అని నేను కసిరితే, "కూసుంటే పానం గుంజుతది నర్సమ్మా" అనేవాడు. కట్టెకాలు చేతికిచ్చినప్పుడు అతనడిగిన మొదటి మాట, "దీంతోని చెట్టెక్కొచ్చునా?"

డాక్టర్ గారు కాదనలేదు. చూద్దాం అన్నారు. మొదటి కాలు గొంతుక్కూర్చోగానే విరిగింది. రెండోది తొడుగు దగ్గర ఒరుసుకుని పుండు చేసింది. మూడోదాని పని మీద ఆయన నెలల తరబడి కూర్చున్నారు. గీత పనివాళ్లు చెట్టెక్కేటప్పుడు రెండు పాదాలనూ కలిపి ఒక తాడు చుట్ట వేసుకుంటారు, దాన్ని గుజి అంటారు. అది జారిపోకుండా చీలమండ దగ్గర గాడి పెట్టించారు. చెట్టును పట్టుకునేందుకు అడుగున దళసరి తోలు కొట్టించారు. పైన నల్లరంగు వేయించారు. చూడడానికి అచ్చం పోలీసు బూటులా తయారైంది గానీ, దాంతో ఎల్లేశం దవాఖాన మెట్లు పరుగున ఎక్కి దిగాడు.

పోలీసు చర్య జరిగిన తర్వాతి మాఘమాసంలో, ఒక పొద్దున, టాంగా దిగి రాళ్లగుట్టల మధ్య నుంచి ఖాజాగూడ చేరాను. ఎల్లేశం ఇంటి ముందు నాకు మొట్టమొదట కనిపించింది ఆ కాలే. అరుగు కింద, ఒక జత చెప్పులకూ ఒక ఒంటి చెప్పుకూ పక్కన, దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది.

లోపలికి తొంగి చూస్తే ఎల్లేశం పిర్రల మీద జరుగుతూ పొయ్యి దగ్గర నుంచి కుండ దగ్గరకు పోతున్నాడు. నా కోపం నషాళానికంటింది.

"ఏంది కిష్టమ్మా ఇది? కాలు బయట పారేసిండ్రేంది?" అన్నాను అతని పెళ్లాంతో.

కిష్టమ్మ తాపీగా చాట కింద పెట్టింది. "పారెయ్యలే నర్సమ్మా. చెప్పులు ఇంట్లకెట్ల తెస్తం? బయటనే గద ఇడుస్తం."

"చెప్పులా! అది కాలమ్మా!"

"అడుగున తోలున్నది. బూటోలె ఉన్నది. దేవుడున్న ఇంట్ల దాంతోని ఎట్ల తిరగమంటవ్?"

తోలు, గాడి, పట్టీలు, ఎంత ఆలోచించాం! గడప గురించి మాత్రం మాలో ఒక్కరికీ తోచలేదు. బయట మగాడిలా నడిచేవాడు ఇంట్లో పాకుతున్నాడు. అతనికి కూడా అందులో తప్పేమీ కనిపించడం లేదు.

"ఇంటి ఫికర్ లేదు నర్సమ్మా. నాకు చెట్ల పరేషాన్" అన్నాడు ఎల్లేశం, గడప దాకా జరిగి వచ్చి. కులపెద్ద పెంటయ్య అతని పెదనాన్నే. కిందటి గీత కాలమంతా ఎల్లేశం చెట్లను, అతనికి తమ్ముడి వరసైన ఐలయ్యతో గీయించాడు. ఈసారి ఎల్లేశం తానే ఎక్కి ముంత కట్టాలి, లేకపోతే చెట్లు ఐలయ్యవి అయిపోతాయి. గీయని చెట్టు చెడిపోతుంది గనుక ఆ కట్టుబాటు. ఆ ముంత కట్టే రోజు ఇవాళే.

అతను కాలు తొడుక్కుంటుంటే కిష్టమ్మ నన్ను చెయ్యి పట్టుకుని దడి వెనక్కు లాక్కుపోయింది. ఇంట్లో ఉన్న నిబ్బరం అక్కడ లేదు.

"నీకు దండం పెడ్త నర్సమ్మా. గా కాలు చెట్టుకు పనికి రాదని ఒక్క మాట జెప్పు. నీ మాటింటడు."

"పనికొస్తది కిష్టమ్మా. దానికోసమే చేసినం."

"ఒక్కపారి పడ్డడు. గా చప్పుడు ఇంక నా చెవులనే ఉన్నది. నాకు చెట్లొద్దు, ఏమొద్దు. మనిషి గావాలె."

ఏం చెప్పను? అతను చెట్టెక్కాలని డాక్టర్ గారికి ఉంది, నాకూ ఉంది. పడితే విధవయ్యేది మాత్రం మేము కాదు. ఆమె ముఖం చూడలేక నడక మొదలుపెట్టాను.

తాటిచెట్ల దగ్గర పెంటయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. ఐలయ్య తన మోకు, అంటే నడుమునూ చెట్టునూ చుట్టి కట్టే తాడు, భుజాన వేసుకుని దూరంగా నిలబడ్డాడు. కిష్టమ్మ చెంబు నీళ్లు, పసుపు కుంకుమ తెచ్చింది. చెట్టు మొదట్లో కాసిన్ని నీళ్లు పోసి బొట్టు పెట్టారు. ఎల్లేశం కుడికాలి చెప్పు విడిచి, గుజి వేసుకోబోయాడు.

"ఆగు" అన్నాడు పెంటయ్య. "రెండోది గూడ ఇడువు."

"అది చెప్పు గాదు పెద్దనాయినా."

"తోలు చెప్పుతోని చెట్టును తొక్కుతమారా మనం? తల్లి అసోంటిది. ఇడిసి ఎక్కు."

నేను ఆగలేకపోయాను. అది కాలేననీ, అది లేకుండా ఎక్కితే ప్రాణం పోతుందనీ గొంతు చించుకున్నాను. పెంటయ్య నన్ను కసరలేదు. అంతా విని నెమ్మదిగా అన్నాడు.

"కోపం జేయకు బిడ్డా. అది కాలే అయితే, ఆళ్లింటి ముంగట చెప్పుల పక్కకెందుకున్నది? రోజు సూస్తున్న గద."

కిష్టమ్మ వైపు చూశాను. ఆమె తలొంచుకుంది, కానీ గుండెల మీది బరువు దిగినట్టు ఒక్కసారి ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఎల్లేశం ఇక ఎక్కడు, పడడు. నేను ఆమెను తప్పు పట్టలేను. ఆమె చోట ఉంటే నేనైనా అలాగే ఊపిరి వదిలేదాన్ని.

ఎల్లేశం ఎవరి వైపూ చూడలేదు. చతికిలబడి కట్టెకాలు విప్పేశాడు. మోకు చెట్టుకు చుట్టాడు. మొండికాలికి తుండుగుడ్డ కట్టుకుని, దాన్నే చెట్టుకు అదిమి లేచాడు. బారెడు ఎత్తు పోయాడు, జర్రున జారాడు. తుండుగుడ్డ ఊడిపోయింది. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. లేత చర్మం చెక్కుకుపోయి తాటి బెరడు మీద నెత్తురు కనిపించింది. "దిగురా" అని పెంటయ్య అరిచాడు. వినలేదు. పళ్లు బిగబట్టి మూడోసారి మోకు పైకి విసిరాడు.

"దిగు" అంది కిష్టమ్మ.

పెద్దగా అనలేదు. అయినా అతను ఆగాడు, దిగి చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కట్టెకాలును చేతిలోకి తీసుకుంది. చెంబులో మిగిలిన నీళ్లతో దాన్ని కడిగింది. మడమ, గాడి, వేళ్లు లేని ఆ మొద్దు ముందు భాగం, అడుగున తోలు, అన్నీ తోమి తోమి కడిగింది. కొంగుతో తుడిచింది. పసుపు రాసి బొట్టు పెట్టి, పెంటయ్య వైపు తిరిగింది.

"మామా, పెండ్లిల మా నాయిన గీయన రెండు కాళ్లు కడిగి నన్నిచ్చిండు. ఒకటి పోయింది. దాని జాగల ఇది వచ్చింది. దీన్ని నేను కడిగిన. చెప్పుల పక్కకు బెట్టింది నేనే, తప్పు నాదే. ఇగ ఇది కాలే. ఎవలన్న చెప్పుకు పసుపు రాస్తరా, నువ్వే జెప్పు."

పెంటయ్య వంగి ఆ పసుపు పాదాన్ని చూశాడు. తర్వాత ఐలయ్యకు సైగ చేశాడు. ఐలయ్య భుజం మీది మోకు తీసి కింద పెట్టేశాడు.

మొండికాలి పుండుకు నేను గుడ్డ చుట్టాను. పట్టీలు మాత్రం కిష్టమ్మే బిగించింది. బిగిస్తున్నంతసేపూ నోరు ఊరుకోలేదు. "పడ్డవో, నేను ఏడ్వ. ముందుగాలనే జెప్తున్న" అంది.

ఎల్లేశం ఎక్కాడు. గుజి గాడిలో కూర్చుంది, తోలు బెరడును పట్టింది. కిష్టమ్మ రెండు అరచేతులూ చెట్టుకు ఆనించి కళ్లు మూసుకుంది. చెట్టు కదిలితే చేతులకు తెలుస్తుందని కాబోలు. పైన ముంత కట్టాడు. ఇక దిగుతాడనుకున్నాం, దిగలేదు. మోకు మీద వెనక్కి వాలి, గుట్టల మీదుగా చెరువు వైపు చూస్తూ ఉండిపోయాడు. వార్డులో క్షణం నిలవని మనిషి అక్కడ అలా కదలకుండా ఉంటే నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, దాచుకోలేదు.

"భయమైతలేదా?" అని కిష్టమ్మను అడిగాను.

"ఎందుకైతలేదు? అయితది. రోజు అయితది." కళ్లు తెరవలేదు. "ఇంట్ల కూసోబెడ్తె దినాం జర జర సస్తుండె నర్సమ్మా. నేను సూడనట్లు జేసిన."

అందరం కలిసి ఇంటికి వచ్చాం. డాక్టర్ గారికి ఏం చెప్పాలా, నల్లరంగు మాన్పించాలా, వేళ్లు చెక్కించాలా అని నా బుర్ర తిరుగుతూనే ఉంది. మొగిలి సందుగ కూడా గుర్తుకొచ్చింది. రేపే మళ్లీ హఫీజ్‌పేట్ పోవాలనుకున్నాను. ఎల్లేశం అలవాటు ప్రకారం అరుగు మీద కూర్చుని, కుడికాలి చెప్పు విడిచి, పట్టీ విప్పడానికి వంగాడు.

కిష్టమ్మ లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"అదేంది, గది ఇప్పుతున్నవ్? కాళ్లు కడుక్కొని లోపలికి రా" అంది.