వెనక వరస దాకా

సన్మానం నాకు. ఇస్త్రీ మాత్రం మా ఆయన చొక్కాకి.

"కాలర్ దగ్గర ఇంకోసారి లాగు, ముడత అలాగే ఉంది" అంటున్నారు వెనక నించుని. నాటకాల్లోనూ సినిమాల్లోనూ ముప్ఫై ఏళ్లు నటించినందుకు నాకేదో పురస్కారం ఇస్తున్నారట. సభలో వెయ్యడానికి నేను మాట్లాడుతున్నట్టు రెండు నిమిషాల వీడియో కావాలన్నారు. ఏం మాట్లాడాలో ఆయనే కాగితం మీద రాసిచ్చారు. నిన్న కెమెరా వాళ్లొచ్చి నా ముఖం తీసుకుపోయారు. ఇవాళ స్టూడియోలో దానికి గొంతు పెట్టించాలి. నా గొంతు కాదు, సినిమాల్లో ఇన్నేళ్లూ నాకు డబ్బింగ్ చెప్పినావిడ గొంతు.

"ఒక్క రెండు నిమిషాలు నేనే మాట్లాడతానండీ" అన్నాను, ఇస్త్రీ పెట్టె పక్కన పెడుతూ.

"జనం నిన్ను ఆ గొంతుతోనే ఎరుగుదురు. నువ్వు నోరు విప్పితే ఎవరీవిడ అనుకుంటారు. ఈ వయసులో నవ్వులపాలెందుకు?" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే తిరిగి ఓ మాట అనొచ్చు. నెమ్మదిగా, నా మంచికే అన్నట్టు అంటారు చూడండి, దానికే నాకు ఒళ్లు మండుతుంది.

నా గొంతు గరుకు. నాటకాల రోజుల్లో అదే నా ఆస్తి. ప్రదర్శనకి ముందు మా గేటు కాపలా ఆయన వెళ్లి ఆఖరి వరసలో కూర్చునేవాడు. మేం ఒక్కొక్కరం వేదిక మీద నించుని ఓ మాట అనాలి, వినపడితే ఆయన చెయ్యెత్తాలి. మిగతావాళ్లకి రెండు మూడు సార్లయ్యేది. నాకు మొదటి మాటకే చెయ్యి లేచేది. అప్పట్లో మా నాటకాలకి దర్శకుడు మా ఆయనే. నీ గొంతు వినే పెళ్లాడానోయ్ అనేవారు. నా మొదటి సినిమా అప్పుడు, ఎవరూ అడక్కుండానే, "గొంతు కాస్త మొగరాయుడిలా ఉంటుంది, ఎవరిచేతైనా చెప్పిద్దాం" అన్నదీ ఆయనే. అది విని మా అత్తగారు సంతోషించింది. "పోన్లే, ముఖం ఎలాగూ ఊరంతా చూస్తోంది, గొంతైనా ఇంట్లో పడుంటుంది" అంది.

ఇంట్లో మాత్రం దాన్ని ఎవరడిగారు? తువ్వాలేదీ, కళ్లజోడేదీ అనేవే ఇంట్లో ప్రశ్నలు. వాటికి జవాబు చేతులు చెప్పాలి, గొంతు అక్కర్లేదు. మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చుని కథ మొదలుపెట్టాను. "ఇలాక్కాదు, సినిమాలో అమ్మలా చెప్పు" అంది. గొంతు సన్నం చేసుకుని ప్రయత్నించాను. అది నవ్వి గోడవైపు తిరిగి పడుకుంది. పసిపిల్ల, దాని తప్పేముంది? అయినా ఆ గోడవైపు తిరిగిన వీపు నాకింకా కనిపిస్తూనే ఉంటుంది.

సెట్లో మొదట్లో రాసిచ్చిన మాటలే అనేదాన్ని. ఓసారి దర్శకుడు, "దూరం షాటు కదమ్మా, ఏదో ఒకటి అనండి, పెదవులు కదిలితే చాలు, ఎలాగూ తీసేస్తాం" అన్నాడు. అంకెలు లెక్కపెట్టాను. మరోసారి ఇంట్లోకి కావలసిన సరుకుల పేర్లన్నీ అప్పజెప్పాను. తర్వాతొక సినిమాలో భర్త శవం ముందు ఏడవాలి, కెమెరా ఎక్కడో ఉంది. "నువ్వెలా ఉన్నావని ఒక్కసారైనా అడిగారా నన్ను?" అనేశాను. కళ్లలో గ్లిజరిన్ వెయ్యకుండానే నీళ్లొచ్చాయి. షాటు అయ్యాక సెట్టంతా చప్పట్లు. ఇక అది మొదలు, ఇంట్లో మింగినవన్నీ సెట్లో కక్కడమే. తీసేసే మాటలేగా అని ధైర్యం. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి.

స్టూడియోకి వెళ్లాం. డబ్బింగ్ ఆవిడని నేను చూడటం అదే మొదలు. నా పనయ్యాక నెలలకి గానీ ఆవిడ పని మొదలవదు, ఇక కలిసేదెప్పుడు? యూనిట్లో అందరూ గొంతమ్మ అంటారు. పొట్టి మనిషి, మెడకి శాలువా, చేతిలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు. మా ఆయన ఆవిడకి కాగితమిచ్చి, "కాస్త వినయంగా చెప్పాలమ్మా" అన్నారు. 'ఈ ఘనతంతా మావారిదే' అని మొదలవుతుంది ఆ కాగితం. ఇచ్చేసి, అద్దం అవతలి గదిలోకి, సౌండు ఇంజనీరు పక్కకి వెళ్లి కూర్చున్నారు.

గొంతమ్మ తలుపు వేసింది. "మోకాలి నొప్పి తగ్గిందామ్మా?" అంది.

"నొప్పని మీకెవరు చెప్పారు?"

"మీరే. కిందటేడు సినిమాలో, మెట్లెక్కే షాటులో. సెట్లో మీరన్నదంతా రికార్డవుతుంది, అది చెవుల్లో పెట్టుకుని వింటేనే కదమ్మా నేను డబ్బింగ్ చెప్పేది."

నూతిలో పారేశాననుకున్నవన్నీ ఒక మనిషి చెవిలో పోశానన్నమాట. ఈ సంగతి నాకెలా తట్టలేదో! సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"అన్నీ విన్నారా?"

"అన్నీ. శవం దగ్గర మీరన్న మాటకి ఆ రోజు ఏడు టేకులయ్యాయి నాకు. ఇంటికెళ్లి మా ఆయన్నీ అదే అడిగాను."

"ఏమన్నారు?"

"టీవీ సౌండు తగ్గించారు. అంతవరకు లాభమే."

ఇద్దరం నవ్వాం. నేను అలా నవ్వి చాలా కాలమైంది. తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, "అన్నీ విన్నాను, ఒక్కటీ బయటికి పోనివ్వలేదు. మీ మాట తీసేసి నా మాట పెట్టడమే నా ఉద్యోగం" అంది. కాగితం మడిచి ఫ్లాస్కు కింద పెట్టింది. "నిన్న కూడా మీరిది చదవలేదు. పొద్దున విన్నాను."

నిజమే. పాత అలవాటు. కాగితం ఒళ్లో పెట్టుకుని, నోటికొచ్చింది అన్నాను.

గొంతమ్మ అవతలి గదికి వినపడే మీట నొక్కింది. "సార్, నాకివాళ గొంతు పట్టేసింది. రాదు." ఆ చెప్పడం గంట కొట్టినట్టు చెప్పింది.

"అయితే ఇంకెవరినైనా పిలిపిద్దాం" అన్న మా ఆయన మాట స్పీకర్లో వినిపించింది. అద్దంలోంచి నేను ఇస్త్రీ చేసిన కాలర్ తెల్లగా కనిపిస్తోంది.

"ఎవరొచ్చినా ఆ పెదవులకి మీ కాగితం కుదరదు సార్" అంటూ ఆవిడ తన ఇయర్‌ఫోన్లు తీసి నాకు పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి. తెరమీద నిన్నటి నేను నోరు విప్పాను. చెవుల్లో, ఇన్నేళ్ల సినిమాల్లో మొదటిసారి, నా గరుకు గొంతు. 'ఇన్నేళ్లూ నన్ను చూశారు. ఒక్కసారీ వినలేదు.'

అద్దం అవతల మా ఆయన లేచి నించుని, వద్దని చెయ్యి ఊపుతున్నారు. ఆ చెయ్యి చూశాను. ఎత్తిన చెయ్యికి నాటకాల్లో నేను నేర్చుకున్న అర్థం ఒక్కటే.

మైకు ముందుకి జరిగాను.

"ఇంజనీరుగారూ, దీన్ని కాస్త దూరంగా పెట్టించండి. నా గొంతు వెనక వరస దాకా వెళ్తుంది."