జీపు ఈ దావన పోయిందా?

జమ్రూద్‌కు నడక కూడా రానప్పుడు వాళ్ల నాయన ఇనాయతుల్లా ఇల్లు విడిచి పోయినాడు. యుద్ధమయినాక మిలిటరీవాళ్లు వేలమేసిన విల్లీస్ జీపొకటి కొని, స్నేహితుడు తిమ్మప్పను పక్కన కూర్చోబెట్టుకుని, హిందూపురం నుంచి కచ్ ఉప్పు ఎడారి దాకా ప్రయాణం కట్టినాడు. అది యాభై నాలుగో సంవత్సరం. బజారంతా నిలబడి పూలదండలేసి సాగనంపింది. పెనుకొండ, ధర్మవరం మీదుగా పోయినారు. తిరిగొచ్చింది తిమ్మప్ప ఒక్కడే.

ఎడారిలో జీపు చక్రాలు ఉప్పుబురదలో దిగబడినాయి. తిమ్మప్ప జ్వరంతో లేవలేకుండా ఉంటే, మనుషుల్ని పిలుచుకొస్తానని ఇనాయతుల్లా నడుచుకుంటూ పోయినాడు. ఆ మధ్యాహ్నమే దుమ్ముగాలి లేచింది. ఒంటెలవాళ్లొచ్చి జీపును పైకి లాగినారు గానీ, ఎంత వెతికినా ఆ మనిషి జాడ లేదు. పోయిన దావనే వస్తే రెండో ఆయన యాడ అని అందరూ అడుగుతారు. ఆ మాటకు భయపడి తిమ్మప్ప బళ్లారి, మడకశిర మీదుగా ఇల్లు చేరినాడు.

ఎనభై ఒకటి నాటికి జమ్రూద్ హిందూపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతూ ఉంది. జీపు తిమ్మప్ప షెడ్డులోనే ఉండేది. ఆయన దాన్ని అమ్మడు, ఎక్కడు. ఆదివారాలు ఇంజను మాత్రం స్టార్ట్ చేసి ఆ చప్పుడు వింటూ నిలబడేవాడు.

"మామా, నాయన దిగిన తావు చూడాల. అదే జీపులో, అదే దావన," అని ఆమె ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది. ఆ చలికాలం మొదట్లో ఆయన ఉన్నట్టుండి, "పోదాం పామ్మా. ఆడికి పోకుండా నాకింగ నిద్ర పట్టేట్టు లేదు," అన్నాడు.

స్టీరింగు మాత్రం పట్టనన్నాడు. "అది మీ నాయన తావు. ఆయన లేకుండా ఒక్కసారి తోలుకొచ్చినాను, అదే చాలు." జమ్రూదే డ్రైవింగు నేర్చుకుంది.

పెనుకొండ బస్టాండు కాడ టీ కోసం ఆపినారు. టీ అంగడి ముసలమ్మ ఉలిగమ్మ వీళ్ల మొహాలు చూడనే లేదు. నేరుగా వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టింది.

"ఈ మిలిటరీ జీపు మళ్లా వచ్చిందే! అయితే ఆయప్పకు దొరికిందా?"

"ఎవురికవ్వా?" అంది జమ్రూద్.

"దీన్ని వెతుక్కుంటా వచ్చినాడే, ఆయప్పకు. ఇది ఇట్ల పోయిన రెండో ఏడో, మూడో ఏడో. గడ్డం పెరిగి, కాళ్లు పగిలి, ధర్మవరం పక్కనుంచి నడుచుకుంటా వచ్చినాడు. పేరడిగితే తెలీదు. ఊరడిగితే తెలీదు. 'నా జీపు ఈ దావన పోయిందా?' అదొక్కటే మాట."

జమ్రూద్ ముసలమ్మ దగ్గరికి జరిగింది. "ఆయన చేతులు చూసినావా?"

"టీ గ్లాసు నేనే ఇచ్చినా కదమ్మా. ఎడమచేతి బొటనవేలు సగమే ఉండాది."

ఫ్యాన్‌బెల్టులో పడి తెగిన వేలు అది. అమ్మ హుస్సేన్‌బీ ఎన్నిసార్లు చెప్పిందో.

"నువ్వేం చెప్పినావవ్వా?"

"చూసిందే చెప్పినా. ధర్మవరం పక్కకు పోయిందప్పా, మళ్లా రాలేదు అని. పాపం, టీ కూడా తాగకుండా లేచి, వచ్చిన దావనే వెనక్కి పోయినాడు."

"నేను మడకశిర మీదుగా వచ్చేస్తి," అని తిమ్మప్ప జీపు పక్కనే నేల మీద కూచున్నాడు. అక్కడినుంచి హిందూపురం ఒక్క బస్సు దూరం.

"దొరికిందా మరి?" అని ముసలమ్మ ఇంకా నవ్వుమొహంతో చూస్తూ ఉంది.

"దొరికిందవ్వా," అంది జమ్రూద్.

ధర్మవరం రైల్వేగేటు కాడ సైకిల్ షాపాయన కూడా ఆ మనిషిని మరిచిపోలేదు. "పిచ్చోడనుకున్యాం. వచ్చేటప్పుడు కుంటుతా వచ్చినాడు. పోయేటప్పుడు ఉరుకుతా పోయినాడు," అన్నాడు.

ఆ తర్వాత జమ్రూద్‌కు దారంతా ఆయనే. రోడ్డు పక్కన ముసలివాడెవరు నడుస్తూ కనబడినా ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. తిమ్మప్ప వంగి మొహం చూసి, "కాదు, పోనీమ్మా," అనేవాడు. కొన్ని ఊళ్లలో ఎవరికీ ఏమీ తెలియదు. కొన్ని ఊళ్లలో ఒకరిద్దరు తల ఊపేవాళ్లు. జీపు అడుగుతా పోయిన మనిషా? అవును, ఇట్లే పోయినాడు.

కచ్‌లో నేల తెల్లబడినాక, ఉప్పుమళ్లలో పనిచేసే ముసలాయన ఒకడు జీపును చూసి పార కింద పడేసినాడు. జమ్రూద్ తనకొచ్చిన ఉర్దూలో అడగబోతే, ఆయన రమ్మని సైగ చేసి ముందు నడిచి ఒక మట్టిదిబ్బ చూపించినాడు.

నాయన్ను అక్కడ జీప్‌వాలా అనేవాళ్లట. తిరిగొచ్చి అక్కడే నిలిచిపోయినాడట. ఉప్పు లారీ శబ్దం వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి రోడ్డుకు పరిగెత్తేవాడట.

"ఎప్పుడు పోయినాడు?" అని తిమ్మప్ప అడిగినాడు.

"పోయిన వానలకు."

జమ్రూద్ దిబ్బ దగ్గర దోసిలి పట్టి ఫాతిహా చదివింది. తిమ్మప్ప ఇంజను ఆపనివ్వలేదు. ఆమె లేచేదాకా జీపు అట్లే మోగుతూ ఉండింది. ఆయన మాత్రం దిబ్బ దగ్గరికి రాలేదు. రెండు చేతులూ బానెట్ మీద ఆనించి, తల వంచుకుని నిలబడినాడు.

ఇల్లు చేరినాక జమ్రూద్ అమ్మకు ఏదీ దాచలేదు. పెనుకొండ సంగతి కూడా చెప్పింది. హుస్సేన్‌బీ గోడకు ఆనుకుని అంతా విన్నది, ఏడవలేదు. ఒక మాట మాత్రం అడిగింది.

"అన్నేండ్లూ ఆడ ఎవురు పెట్టినారంట అన్నం?"

"ఆ ఉప్పుమళ్ల ముసలాయన పెండ్లామంట."

"ఆయమ్మ పేరేమి?"

జమ్రూద్ ఆ పేరు అడగకుండానే వచ్చేసింది.