నాలుగో చుట్టు తంగళ్లపల్లి మీదుగా

మస్కట్‌లోని చిన్నపిల్లల బడిలో పొద్దున ఏడింటికి దేవదాస్ సార్ విజిల్ ఊదితే ముప్పై మంది వరుసలో నిలబడతారు. పిల్లలతో కసరత్తు చేయించడం, ఆ ఆటలోనే ఇంగ్లీషు నేర్పడం అతని ఉద్యోగం. భుజం ముట్టుకుంటే ఒక మాట, మోకాలు ముట్టుకుంటే ఇంకో మాట. సిరిసిల్ల పక్క తంగళ్లపల్లిలో, మరమగ్గాల సాంచల మోతలో పుట్టినవాడికి పిల్లల నవ్వుల మధ్య జీతం దొరకడమంటే మాటలా? కోరుట్ల ఏజెంటు ఏ ఒంటెల దొడ్డికో కాకుండా నిజంగా బడికే పంపినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకునేవాడు.

కసరత్తు అయ్యాక మైదానం చుట్టూ నాలుగు చుట్ల పరుగు. నాలుగో చుట్టు తంగళ్లపల్లి మీదుగా పోయేది. నీళ్ల ట్యాంకు దగ్గర మలుపు తిరిగితే దేవదాస్ వాళ్ల గల్లీ, ఆ చివర కిరాణా కొట్టు దాటితే మళ్లీ మైదానం. పిల్లల తల్లులకు ఒక్కటే ఫిర్యాదు: "దారిలో బెల్లం పెట్టొద్దని మీ అమ్మగారికి చెప్పండి సార్, పళ్లు పుచ్చిపోతున్నాయి."

పరుగులో ఆగకూడదు. ఆగినవాడు ఆగినచోటే ఉండిపోతాడు. అందుకని తల్లి గంగవ్వ కొడుకు పక్కన ఉరుకుతూనే మాట్లాడేది. గల్లీ పొట్టి, ఆమె కబుర్లు పొడుగు. ఒక ముచ్చట తెమలాలంటే రెండు మూడు రోజులు పట్టేది.

తొంభై ఒకటి, మే నెల. ఒక సోమవారం గంగవ్వ ముఖం ముఖంలా లేదు.

"కొడుకా, మీ బావను పోలీసోళ్లు..." అనేలోపు కిరాణా కొట్టు దాటేశారు.

బావంటే అక్క ఊర్మిల మొగుడు రాజమౌళి. దేవదాస్‌ మర్నాడు మలుపు తిరగగానే "చెప్పవ్వా" అన్నాడు.

"లెంకుతుండ్రు కొడుకా. అడవిల అన్నలకు ఓ పూట బువ్వ పెట్టిండట. సాంచల కార్ఖానల దాసిన. మొన్న గిట్లనే తీస్కపోయిన ఇద్దరు మళ్ల రాలె."

"రేపు తయారుండుమను. ఆఖరు పిల్ల అంగీ పట్టుకోవాలె. ఆగద్దని చెప్పు."

బుధవారం గల్లీకి అడ్డంగా పోలీసు జీపు ఉంది. ఇల్లిల్లూ వెతుకుతున్నారు.

"పిల్లలు ఉరికే దారి సారూ, జర జీపు జరుపుండ్రి" అంది గంగవ్వ.

డ్రైవరు జరిపాడు. పోలీసులైతే మాత్రం, పిల్లల్ని కన్నవాళ్లే కదా.

వరుస చివర్లో ఆరేళ్ల మలయాళీ పిల్ల షీబా. ఆమె దాటుతుండగా కార్ఖానా తలుపులోంచి రాజమౌళి ఉరికొచ్చాడు. లుంగీ, బనీను, ఉత్త కాళ్లు. జన్మలో పరుగెత్తి ఎరగడు. ఎలాగో ఆ పిల్ల చొక్కా అంచు అందుకున్నాడు.

"నిలువురా" అని వెనక నుంచి కేక పడింది.

రోజుకు పన్నెండు గంటలు సాంచ ముందు నిలబడే మనిషి. ఆ మాటకు కాళ్లు ఆగబోయాయి. షీబాకు తెలుగు రాదు కాబట్టి ఆమె ఆగలేదు. సార్ రోజూ నేర్పే "డోంట్ స్టాప్" అంటూ అతణ్ణి లాక్కుపోయింది.

మైదానంలో రాజమౌళి కంకర మీదే కూలబడ్డాడు.

"ఊర్మిలకు చెప్పి రాలె బామ్మర్దీ" అని ఏడ్చాడు.

పెద్ద టీచరమ్మ వచ్చి అతణ్ణి చూసింది. తోటకు నీళ్లు పట్టే మనిషి ఎలాగూ కావాలి, ఇక్కడే ఉండమంది. ఆ తల్లి చల్లగా ఉండాలని దేవదాస్ మనసారా అనుకున్నాడు.

అక్కడి గురు, శుక్రవారాల సెలవులు పోయి శనివారం బడి తెరిచారు. గల్లీలో ఊర్మిల కాచుకుని ఉంది. అందరినీ పోనిచ్చి, చివరి పిల్లకు మొగుడి చెప్పులు అందించింది.

షీబా చేతికొకటి పట్టుకుని ఉరికొచ్చింది. రాజమౌళి నీళ్ల పైపు కింద పెట్టి చెప్పులు అందుకున్నాడు. తెగిన పట్టీ కొత్తగా కుట్టి ఉంది. ముందు ఆ పిల్ల కాళ్లకు దండం పెట్టాడు. తర్వాత తొడుక్కున్నాడు.