పదో మెట్టు మీద చెప్పిన అర్థం

మా ఆయన మానెక్కుతుంటే ఊరంతా పైకి చూస్తుంది. ఆ ఏడు నేను మాత్రం కిందికే చూస్తూ నిలబడ్డాను. మాను మొదట్లో తడిబట్టలతో బోర్లా పడుకున్న ఇరవైమంది ఆడవాళ్ళలో మా చెల్లెలు మునిలక్ష్మి ఉంది.

ఏటా ఎండాకాలంలో మా ఊళ్ళో పద్దెనిమిది రోజులు కథ చెబుతారు, ఆట ఆడతారు. అందులో తపస్సు రోజే పెద్దది. రాజ్యం పోగొట్టుకుని అడవుల పాలైన విలుకాడి వేషం కట్టినవాడు అరవై అడుగుల తాటిమాను మీదికి మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కాలి. కొసన కట్టిన పీట మీద కూర్చుని తపస్సు చేసి, కింద పడుకున్న బిడ్డలు లేనివాళ్ళ మీదికి నిమ్మకాయలు విసరాలి. కాయ దొరికినవాళ్ళకు కడుపు పండుతుందని నమ్మకం. కాయలు పడేదాకా ఆడవాళ్ళు లేవకూడదు, వేషగాడు నడిమధ్య దిగకూడదు. పదిహేడేళ్ళుగా ఆ వేషం మా ఆయనదే.

దానికి నెల ముందు చిత్తూరులో డాక్టరు బీపీ చూసి, మాను కాదు గదా నిచ్చెన కూడా ఎక్కొద్దన్నాడు. తిరుగు బస్సులో మా ఆయన గొంతు తగ్గించి, "ఊర్లో ఎవురికీ సెప్పొద్దు జ్ఞానాంబా. ఈ ఒక్క తూరి ఎక్కి, ఆపైన వేషం ఇడిసిపెడ్తా" అన్నాడు. నేను సరేనన్నాను. ఎందుకన్నానో దాచడమెందుకు? విలుకాడి పెళ్ళాన్నని బావి దగ్గర నాకు ముందు చోటిచ్చేవాళ్ళు. అది పోతుందని నా ఏడుపు.

ఆ తర్వాత మునిలక్ష్మి ఏర్పేడు నుంచి దిగింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, కడుపు పండలేదు. "ఈ తూరి నేనూ పండుకుంటానక్కా. బావ సేతి కాయ నాకు తప్పదు గదా!" అని నవ్వింది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. నేను నోరు కుట్టేసుకుని, దాన్ని చేయి పట్టి తీసుకెళ్ళి మరీ మాను కింద పడుకోబెట్టాను.

తొమ్మిది మెట్లు బాగానే ఎక్కాడు. పదో మెట్టు మీద పాడేది ఎవరు కట్టారో తెలియని పాత పద్యం. రాజ్యం పోయినా విల్లుంది, విల్లు పోయినా చెయ్యుంది, చెయ్యి పోయినా మనసుంది, ఇంక నాకు పోయిందేమిటి అని విలుకాడు తనకు తాను చెప్పుకుంటాడు. పాడి, అర్థం చెప్పి, పైకి పోవాలి. ఏటా ఆయన చెప్పే అర్థం నాకు కంఠతా వచ్చు. మనసు గట్టిదైతే భయమనేదే రాదు, ఎంత ఎత్తయినా ఎక్కొచ్చు. జనం ఈలలు వేసేవాళ్ళు.

ఆ రోజు పద్యం మధ్యలో గొంతు ఆగిపోయింది. హార్మోనియం అతను ఒకే స్వరాన్ని నాలుగుసార్లు తిప్పాడు. మా ఆయన మానును రెండు చేతులా కరుచుకున్నాడు. ఒక కాలు మెట్టు దొరక్క గాలిలో తడుముకుంటోంది. జారితే కింద పడుకున్నవాళ్ళ మీదే పడతాడు. అరిచి ఆ ఆడవాళ్ళను లేపాలి. నోరు తెరిచాను. పక్కనున్న ఉత్సవం పెద్ద మునివెంకటప్ప నా వైపు చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాను. నా అంత పిరికిదాన్ని నేను చూడలేదు.

అప్పుడు పైనుంచి మాట వినబడింది.

"అప్పా, పదిహేడేండ్లుగా ఈ పద్యానికి నేను తప్పు అర్థం సెప్తా వచ్చినాను. మనసు గట్టిదైతే భయం రాదన్నాను. వస్తాది. ఇప్పుడు నాకు వచ్చిండాది. కండ్లు తిరగతా ఉండాయి, సేతులు వణకతా ఉండాయి. ఈ విలుకాడికీ భయమేసే ఉంటాది. లేకుంటే తనకు తాను ఇంత సెప్పుకునే పనేముండాది? అన్నీ పోయినాంక మిగిలే మనసు పైకెక్కేదానికి కాదప్పా, ఉండేది ఉండేట్టు ఒప్పుకునేదానికి. నేను దిగతాను. కింద ఉండే ఆడబిడ్డలు ముందు లేసి ఎడంగా పోండి."

ఒక్కరూ లేవలేదు. కాయ పడలేదు కదా.

"ఎక్కు కుప్పుస్వామీ! నడిమధ్య దిగితే ఊరికి అరిష్టం!" అని మునివెంకటప్ప అరిచాడు.

మా ఆయన ఒక చెయ్యి వదిలాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నడుముకున్న జోలెలోంచి గుప్పెళ్ళతో కాయలు తీసి, మానుకు దూరంగా, గుడి గోడ వైపు విసురుతున్నాడు. ఆడవాళ్ళు లేచి వాటి వెంట పరుగెత్తారు. మాను కింద నేల ఖాళీ అయ్యాకే ఆయన మొదటి మెట్టు దిగాడు.

మిగతా తొమ్మిదీ దిగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఎవరో వెకిలిగా నవ్వారు. ఆయన నేల మీద కూలబడి, నేనిచ్చిన చెంబు రెండు చేతులా పట్టుకున్నాడు. మునిలక్ష్మి మొహానికి మట్టితోనే వచ్చింది. దాని చేతిలో కాయ లేదు.

"ఈ కండ్లు తిరిగేది ఇయ్యాల కొత్తగా వచ్చిందా బావా?"

"నెలాయె. సిత్తూరు డాక్టరు ఎక్కొద్దనే సెప్పినాడు."

అది నా వైపు తిరిగింది. "నీకు తెలుసునా అక్కా?"

నన్ను కాయడానికి ఆయన ఏదైనా అడ్డం చెబుతాడేమోనని చూశాను. ఆయన చెంబెత్తి నీళ్ళు తాగుతున్నాడు.

"తెలుసు" అన్నాను.

"తెలిసీ నన్ను ఆడ పండుకోబెట్టినావా?"

"పండుకోబెట్టినాను."

చెల్లెలు బావ పక్కన కూర్చుని ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది. నేను దగ్గరికి పోతే చేయి అడ్డం పెట్టింది.