ఓబులమ్మ చేనులో పిన్నీసులు

తుప్పు పట్టి చెడిపోయిన యంత్రాల కన్నా జనం ముద్దు చేసి చెడగొట్టినవే ఎక్కువ. నంద్యాలలోని నా షెడ్డుకొచ్చే విత్తన గొర్రుల్ని చూసి చూసి నేను తెలుసుకున్న చదువు ఇదొక్కటే.

ఆ రోజు ఆళ్లగడ్డ దగ్గర ఓబులమ్మ కౌలు చేనులో శనగ విత్తుతున్నారు. గొర్రు నేను బాగు చేసిందే. గేర్ బాక్సులో కొత్త నూనె పోశాను, కొత్త చైను వేశాను. అయినా సగం చేను విత్తేసరికి గింజ రాలడం లేదని ఫోను. తిట్టుకుంటూ మోటారు సైకిలు తీశాను.

పోయి చూద్దును కదా, చైనుకు రాగిసంగటి మెత్తినట్టు నల్లరేగడి మట్టి అంటుకుని ఉంది.

"దీనికేం పోసినావు ఓబులమ్మా?"

"ఆముదం పోసినానన్నా. మా నాయన ఎద్దులబండి ఇరుసుకు అదే పోస్తాండె. కొత్త చైను గదా, సల్లగా ఉంటాదని ఇంకో గిన్నె గూడా పోసినా."

"తలంటు గూడా పోయకపోయినావా!"

"తల యాడుందో కనపల్లేదంటన్నా" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు రూబెన్.

ఆముదం జిగటకు పట్టిన మట్టితో బిగుసుకున్న చైను గుంజుకునేసరికి లాకు ఎగిరిపోయింది. చైను కొసలు రెండింటినీ కలిపి పట్టే గోరంత బిళ్ల అది. నా షెడ్డులో డబ్బా నిండా ఉన్నాయి. అవి నంద్యాలలో, నేనిక్కడ. నల్లమల మీద మబ్బేమో కమ్ముకొస్తోంది. వాన పడిందంటే రేగట్లో ట్రాక్టరు దిగబడుతుంది. చేను ఆరేలోపల శనగకు అదును పోతుంది. ఓబులమ్మకు ఈ ఏడు ఉన్న పంటల్లా ఇదే. ఆమె నా మొహం చూడటం లేదు, మబ్బునే చూస్తోంది.

డీజిలుతో చైను కడిగి, లాకు బదులు కట్టుతీగ చుట్టాను. బండి కదిలిందో లేదో పుటుక్కుమంది. మెత్తటి తీగ మరి.

చేను మూలల్లో చేత్తో విత్తడానికొచ్చిన ఆడవాళ్లు గట్టు మీద నిలబడి తమాషా చూస్తున్నారు. వాళ్లలో భారీ మనిషి కమలాక్షమ్మ గాజులకున్న పిన్నీసు తీసి చాపింది.

"ఇది పెట్టి సూడప్పా."

"ఇది చీరెనుకుంటివా? చైను!"

"నీ సొక్కాకు గుండీలన్నీ ఊడిపోతే పిన్నీసే గదా నీ మానం కాపాడతాండేది? నా చీర మోసేది దీన్ని మొయ్యదా?"

ఆమెను ఎగాదిగా చూసి పిన్నీసు అందుకున్నాను. వంచి పెట్టాను. చైను తిరిగింది! గింజ రాలింది! చేను ఆ కొసదాకా ఒక సాలు వెళ్లి, రెండోది సగం తిరిగాక పిన్నీసు విరిగింది.

"ఇంకోటి!" అని అరిచాను.

ఇక చూడాలి ఆ పరుగు. గొర్రు వెనకాల ఆడవాళ్లు, గాజుల్లోంచి ఒకరు, తాళి నుంచి ఒకరు, పైట దోపుకుని మరొకరు. "బేగా రాండే, మొగుడు తీయకపోతే గొర్రన్నా తీస్తాండాది పిన్నీసు!" అని కమలాక్షమ్మ. రూబెన్ పెళ్లి బస్సులా హారను మోగించాడు. గొర్రు చెక్క మీద నిలబడి "పిన్నీసూ!" అని నేను, బస్టాండులో శనక్కాయలమ్మేవాడిలా.

ఒక్క సాలు మిగిలిందనగా పిన్నీసులు అయిపోయాయి. తొలి చినుకు నా ముక్కు మీద పడింది. అందరి కళ్లూ మెల్లగా నా రొమ్ము మీదికి వచ్చాయి.

"ఇది ఇయ్యను" అన్నాను.

"నీ బొజ్జ సూసి మేమేం మనసు పారేసుకోంలే, ఇయ్యప్పా!"

ఇచ్చాను. చొక్కా రెక్కలు రెండూ గాలికి లేచి కొట్టుకుంటుంటే, చినుకుల్లో బొజ్జ తడుపుకుంటూ ఆఖరి సాలు దాటించాను. గట్టెక్కగానే పిన్నీసు ఠప్పుమంది. అప్పుడు విరిగితే విరిగిందిలే. ట్రాక్టరు రస్తా మీదికెక్కింది, వాన సన్నగా అందుకుంది. గట్టు మీద పడి పడి నవ్వుతున్నవాళ్లలో నేనూ ఉన్నానని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

ఓబులమ్మ ఖాళీ అయిన గింజల పెట్టెను చేత్తో నిమిరి, నా దగ్గరికొచ్చి బుద్ధిగా అంది:

"ఈ తూరి ఆముదం పొయ్యనులే అన్నా. నెయ్యి పోస్తా."