తోబుట్టువుల ఆదివారం

"డిగ్రీ అయిపాయె గద, ఇంక ఆదివారం బయటికి ఏం పని?"

మా ఆయన శ్రవణ్‌కుమార్ ఈ మాట కోపంగా అనలేదు. నేను వెల్లుల్లి పొట్టు తీస్తుంటే వెనక నుంచి వచ్చి, ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా అందుకుంటూ, వాన వెలిసింది గదా ఇంకా గొడుగెందుకు అన్నట్టు మామూలుగా అన్నాడు. ఆ మాట నిజమే, అదీ నా బాధ. మూడేళ్ల పాటు ప్రతి ఆదివారం సైదాబాద్‌లోని ఈ ఇంట్లోంచి నన్ను బయటికి లాగిన పని, నేను పాసవడంతోటే అయిపోయింది.

నలభై రెండేళ్ల వయసులో దూరవిద్యలో బీఏ పాసయ్యాను. రిజల్ట్ వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చీరల దుకాణంలో మా ఆయన అందరికీ లడ్డూలు పంచాడు. "మా ఆమె గ్రాడ్యుయేటు" అని వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పుకున్నాడు. మూడేళ్లూ "సదవేస్తె ఉన్న మతి పోయిందంట" అని సణిగిన మా అత్త రాధమ్మ కూడా పక్కింటావిడతో "సల్లగ అయిపాయె తల్లీ, ఇగ ఇంటి పట్టున ఉంటది" అని సంబరపడింది. నేను మాత్రం నా హాల్‌టికెట్ నంబరు చూసుకున్న ఆ పూట, ఒక్క పేపరు తప్పి ఉంటే ఎంత బాగుండేదని మనస్ఫూర్తిగా అనుకున్నాను. తప్పి ఉంటే ఇంకో ఏడాది ఆదివారాలు మిగిలేవి. ఫెయిలై ఏడ్చేవాళ్లను చూశాను గానీ పాసై ఏడ్చిన దాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. బాత్‌రూంలో నల్లా తిప్పి, బకెట్ నిండేదాకా ఏడ్చాను.

ఆ క్లాసులు ఏదో గొప్పగా ఉండేవని కాదు. సర్కారు కాలేజీలో ఒక గది, అందులో సగం ఫ్యాన్లు తిరిగేవి కావు. సారు నోట్సు చదివేవారు, మేం రాసుకునేవాళ్లం. కానీ మూడో బెంచీ మీద ఒక హ్యాండ్‌బ్యాగు ఉండేది, ఉదయలక్ష్మిది. ఇంట్లో టిఫిన్లు, వంట, దుకాణానికి పోయే అన్నం డబ్బాలు అన్నీ ముగించి నేను ప్రతి వారం ఆలస్యంగానే చేరేదాన్ని. నేను వచ్చేదాకా ఆ జాగాలో ఎవరూ కూర్చోకుండా ఆమె బ్యాగు పెట్టి ఉంచేది. తలుపు దగ్గర నేను కనబడగానే తీసి ఒళ్లో పెట్టుకునేది. అంతే. ఇది కూడా ఒక విషయమా అంటారేమో. ఇరవై ఏళ్ల కాపురంలో నా కోసం ఎవరూ ఏ జాగా ఆపి ఉంచలేదు. మా ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది నా వాటా, అందరూ లేచిపోయాక ఖాళీ అయిన కుర్చీ నా కుర్చీ. ఆమె బ్యాగు తీసే ఆ చిటికెడు సేపు కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఉదయలక్ష్మి వాళ్లది భీమవరం వైపు. పెళ్లయినప్పటి నుంచీ వనస్థలిపురంలోనే ఉంటోంది. బీకాం ఎప్పుడో చేసింది, ప్రైవేటు బళ్లో తెలుగు చెప్పాలంటే బీఏ కావాలన్నారని మళ్లీ చేరింది. నాకంటే ఐదేళ్లు పెద్ద. నేను ఉదయక్కా అనేదాన్ని. రెండో ఏడాది ఆమెకు పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ చేస్తే చూడ్డానికి దవాఖానకు వెళ్లాను. మంచం చుట్టూ నలుగురు ఆడవాళ్లు. ఒకావిడ తల దువ్వుతోంది. బ్యాంకులో రిటైరైన పెద్దావిడ కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతోంది. గోడకు ఒక కాగితం అతికించి ఉంది, ఏ పూట ఎవరి వంతో అందులో రాసుకున్నారు.

"వీళ్లంతా మీ చుట్టాలా అక్కా?"

"తోబుట్టువులు" అంది.

"ఇంతమందా?"

కుట్లు నొప్పి పుడుతుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వించకు తల్లీ. మా కాలనీలో ఒక సంఘంలే. తర్వాత చెప్తాను."

బస్సులో తిరిగొస్తుంటే నాకు ఎంత కుళ్లు పుట్టిందో చెప్పడానికి సిగ్గేస్తుంది. రోగం వచ్చిన మనిషిని చూసి కుళ్లుకున్నాను. అంతకు రెండేళ్ల ముందు నాకు గర్భసంచి తీసేశారు. నాలుగు రోజులు దవాఖానలో ఉన్నాను. మా అమ్మ అప్పటికే పోయింది. ఆ నాలుగు రోజుల్లో నాకు వచ్చిన ఫోన్లన్నీ వస్తువుల కోసమే. "మిక్సి జారు మూత ఏడ వెట్టినవ్?" అని మా అత్త. "బీరువ తాళంచెవి ఎక్కడుందే?" అని మా ఆయన. ఎట్లున్నవ్ అని అడగలేదని కాదు, అడిగాడు. తాళంచెవి దొరికాక అడిగాడు.

రిజల్ట్ వచ్చిన పదో రోజున ఉదయక్క ఫోన్ చేసింది.

"ఇప్పుడు అడగొచ్చు నిన్ను. మా తోబుట్టువుల్లో చేరతావా? డిగ్రీ అయిన వాళ్లనే తీసుకుంటాం, అందుకే ఇన్నాళ్లూ ఆగాను."

నలభై ఏళ్ల కిందట ఆ కాలనీలో డిగ్రీ చదివి ఇళ్లలో కూర్చున్న ఆరుగురు ఆడవాళ్లు మొదలుపెట్టారట. డిగ్రీ అయ్యాకే ఎందుకని అడిగాను. "విజయదుర్గ మేడమని, ఆ ఆరుగురిలో ఆవిడొకరు, లెక్చరర్‌గా చేశారు. ఆవిడ అంటూంటారు, చదువుకున్నంత కాలం ఆడపిల్లకు పక్కన మనుషులుంటారు, పట్టా చేతికొచ్చిన మర్నాటి నుంచే ఒంటరైపోతుంది అని." ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని వంటగది గట్టు మీద కూర్చుండిపోయాను. నా బాత్‌రూం ఏడుపు ఎవరో గోడవతల నుంచి విన్నట్టనిపించింది.

పద్ధతి చెప్పింది. నెలలో మొదటి ఆదివారం పదకొండింటికి విజయదుర్గ గారింటి మేడ మీద కలుస్తారు. కొత్తగా చేరే మనిషి లేచి తన గురించి చెప్పుకోవాలి. పాతవాళ్లలో ఒకరు ఆమె చెయ్యి పట్టుకుని "ఈమె నా చెల్లెలు" అని అందరి ముందూ అనాలి. ఆ తర్వాత తగువులు పడ్డా సరే, మాటలు మానేసినా సరే, కష్టం వస్తే వంతులు వేసుకుని రావాల్సిందే. "నీ తరఫున నేను నిలబడతాను" అంది ఉదయక్క. ఆ వారం పోపు రెండుసార్లు మాడింది.

అడ్రసుతో సహా ఇంట్లో చెప్పాను. మా ఆయన మొదట మొహం చిట్లించాడు. "ఎంతమంది ఉంటరు?" అన్నాడు. ముప్పై నలభై మంది, టీచర్లు, బ్యాంకులో చేసేవాళ్లు అన్నాను. ఆయన మొహంలో చిట్లింపు పోయింది. "అట్లయితె పో. పది చీరలు కట్టిస్త, పట్టుకపో. ఉత్తగ పోయి ఏం జేస్తవ్?"

నేను సరేనన్నాను. ఇక్కడ నన్ను నేనే తిట్టుకోవాలి. మాది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ వట్టి చేతులతో గడప దాటిన వాళ్లను నేను చూడలేదు. మా నాయన పెళ్లికి పోయినా సంచిలో నాలుగు చీరలుండేవి. మా అమ్మ నన్ను కనడానికి దవాఖానకు పోయి నర్సుకు చీర అమ్మి వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే మూట ఎత్తుకోవడం నాకు తప్పుగా తోచలేదు. పంపిస్తున్నాడు, అదే పదివేలు అనుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. ఎల్‌బీ నగర్‌లో దిగి, మూట ఒళ్లో పెట్టుకుని, షేర్ ఆటోలో వనస్థలిపురం వెళ్లాను.

మేడ మీద చాపలు పరిచి ఉన్నాయి. అందరూ నవ్వుతూ పలకరించారు. ఎవరో "ఆ సంచీలో ఏంటమ్మా?" అన్నారు. అంతే. అడిగితే చూపించకుండా ఉండడం నా చేతులకు తెలియదు. ముడి విప్పాను. ఒకటి మడత విప్పి భుజం మీద వేసుకున్నాను. పెళ్లైన కొత్తలో మా అత్త నేర్పిన పని అది. "నీ రంగుకు ఏదైన నప్పుతది" అంది, ఈ ఇంట్లో నాకు దక్కిన మెప్పు అదొక్కటే. ఆకుపచ్చ చీర వేసుకుని ఇటు తిరగమంటే ఇటు, అటు తిరగమంటే అటు తిరిగాను. "ఇంకొంచెం లేత రంగు లేదా?" "మా వదినకూ ఒకటి తీయండి." మధ్యలో ఒకమ్మాయి చేరడం అయింది. ఎంసెట్ కోచింగ్ సెంటర్లో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్ల, సింధూర అట. లేచి మాట్లాడింది, ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని చెల్లెలంది, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, భుజం మీద నీలం చీరతో.

నా వంతు రాలేదు. "టైమైపోయిందమ్మా, మీ సంగతి వచ్చే నెల చూద్దాం. వచ్చేప్పుడు కాటన్‌వి కూడా తీసుకురండి" అన్నారు విజయదుర్గ గారు. మంచిగానే అన్నారు, ఆమె చేతిలో నేనమ్మిన చీరే ఉంది. మెట్ల మీద ఉదయక్క ఒక కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ కనబడింది.

"నీ గురించి చెప్పాలని రెండు రోజులు కూర్చుని రాసుకున్నాను మాలతీ. చీరలమ్మేవాళ్లు మాకు చాలామంది వస్తారు. నువ్వలా వస్తావనుకోలేదు."

తిట్టినా బాగుండేది. కళ్లలో నీళ్లు పెట్టుకుని అంది. వాళ్లది తప్పు కాదు. నేను ఏది ఎత్తి చూపిస్తే వాళ్లు దాన్నే చూశారు.

ఇంటికొస్తే మా ఆయనకు రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. "ఆరు పోయినయా? డిగ్రీ పనికొచ్చింది గదనే" అన్నాడు. మెచ్చుకోలే అది, ఆయన దృష్టిలో. రాత్రింబవళ్లు చరిత్ర చదివాను, రాజుల పేర్లు పోపుగింజల డబ్బా మీద రాసుకుని బట్టీ పట్టాను, నలభై ఏళ్లకు కళ్లద్దాలు వేయించుకున్నాను. అదంతా ఆరు చీరలకు పనికొచ్చింది. "ఇంక చేరు, చేరు. చేరితె అందరి నంబర్లు ఇస్తరు గద? పట్టుకరా, ఫోన్ల గ్రూపు పెట్టి ఫోటోలు పంపుత."

నెలంతా నాకు రాచమర్యాదలు. శనివారం ఆయనే స్వయంగా పాతిక చీరలు ఏరి మూట కట్టాడు. ఇంటికి తెచ్చి సోఫా మీద పెట్టాడు. అన్నిటికంటే నా గుండెలో గుచ్చుకున్నది మా అత్త మాట. "రేపు వంట నేను జూస్కుంట బిడ్డా, నువ్వు నిమ్మళంగ పోయి రా" అంది. మూడేళ్లు చదువుకు పోతున్నప్పుడు, పరీక్షల ముందు కూడా, ఒక్క పూట అనని మాట. ఇన్నేళ్లు అడుక్కున్నవన్నీ ఇస్తున్నారు, నాకు కాదు, చీరల మూటకు.

ఆదివారం ఆయన దుకాణానికి వెళ్లాక మూట ఎత్తి బీరువాలో పెట్టాను. తలుపు వేశాను. పర్సు, చేతిరుమాలు తీసుకుని బయల్దేరాను. మెట్రోలో కూర్చుంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భయం వేసింది. అబద్ధమెందుకు, చాలా భయం వేసింది. చీరలు లేకపోతే వాళ్లు మాత్రం నన్నెందుకు రానిస్తారు అని చైతన్యపురి దగ్గర ఒకసారి దిగిపోదామనుకున్నాను.

"చీరలేవమ్మా?" మేడ మీద కాలు పెట్టగానే ఒకావిడ అడిగింది. "మా ఆడపడుచుకు కూడా చెప్పి ఉంచాను."

"తేలేదండి. నేను చేరడానికి వచ్చిన" అన్నాను. ఆగుదామనుకున్నాను గానీ ఆగలేదు. "పోయిన నెల మీరందరూ నా చీరలు చూశారు. నేను ఏం చదివిన్నో ఎవరూ అడగలేదు."

విజయదుర్గ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "తప్పు నాదమ్మా. చీరలు చూసి మనిషిని మర్చిపోయాను. ఏం చదివావు తల్లీ?"

"చరిత్ర."

"కూర్చో. ఇవాళ మొదటి పేరు నీదే."

ఉదయక్క పక్కన కూర్చున్నాను. ఆమె పర్సులోంచి కాగితం తీసి మడత సాపు చేసుకుంది. అప్పుడు కింద బండి హారన్ మోగింది. పిట్టగోడ దగ్గరున్న సింధూర తొంగి చూసి "మాలతి గారూ, మిమ్మల్నే పిలుస్తున్నారు" అంది.

గేటు బయట మా ఆయన, స్కూటీ ముందు మూట. చొక్కా చెమటతో తడిసి ఉంది. పాపం, ఆదివారం గిరాకీ వదిలిపెట్టి వచ్చాడు.

"మరిచిపోయి ఒచ్చినవ్. అమ్మ ఫోన్ చేసి చెప్పింది, బీరువల కనవడ్డదంట."

"మరిచిపోలే. పెట్టే ఒచ్చిన."

"ఎందుకు?"

"నేనీడ చీరలు అమ్మను. వీళ్ల నంబర్లు గూడ ఇయ్య."

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఏమైందే? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరేమనలే."

"అమ్మనప్పుడు మరి ఈడికి ఎందుకొచ్చినట్టు?"

వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు. ఇన్నేళ్లలో ఏది ఎక్కడుందని కాకుండా నాకేం కావాలో తెలుసుకుందామని ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

"నాకు మనుషులు కావాలె" అన్నాను.

"ఇంట్ల మేమంత లేమా?"

పైనుంచి ఉదయక్క నా పేరు పెట్టి పిలిచింది, మొదలుపెడుతున్నారంది. మా ఆయన చెడ్డవాడు కాదు. ఎండలో నిలబడి, కనుబొమలు ముడిచి, నేను "ఎందుకు లేరు" అంటానని ఎదురుచూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా నేను ఆ మాటే అంటూ వచ్చాను.

"లేరు" అని చెప్పి, మెట్లెక్కి పైకి వెళ్లాను.